చెదరని అంగ

కెన్యా మారథాన్ రన్నర్ ఎలియుడ్ కిప్‌చోగే పరుగును టీవీలో మొదటిసారి చూసినవాళ్ళకు ‘ఇంతేనా’ అనిపిస్తుంది. తాపీగా పోతున్నట్టే ఉంటాడు. వేగం నిలపడానికి పక్కన పరిగెత్తే పేసర్లదీ అదే వేగం, ముందు పోయే కెమెరా బండిదీ అదే వేగం, మరి తేడా ఎలా తెలుస్తుంది? రోడ్డు పక్కన ఒకచోట నిలబెట్టిన కెమెరాలో చూడాలి. ఇలా కనిపించి అలా మాయమైపోతాడు. 2022 సెప్టెంబరు 25న బెర్లిన్ మారథాన్‌ను అతను 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో ముగించాడు. 42.195 కిలోమీటర్లు, కిలోమీటరుకు 2 నిమిషాల 52 సెకన్లు పడ్డట్టు. వంద మీటర్లకు లెక్కేస్తే 17 సెకన్ల చిల్లర. ఆ వేగంతో ఒక్క వంద మీటర్లు మనలో చాలామందిమి ఎలాగోలా లాగేస్తాం. రెండో వందకు భుజాలు చెవుల దాకా లేస్తాయి. మూడో వందకు నోరు తెరుచుకుంటుంది, మెడ వెనక్కి పడుతుంది, చేతులు అటూ ఇటూ కొట్టుకోవడం మొదలవుతుంది. అతను అలాంటి వందలు 421 పరిగెత్తాడు. మొదటి వందలో ఒళ్ళు ఎలా ఉందో చివరి వందలోనూ దాదాపు అలాగే ఉంది.

గుండె బలం, ఊపిరితిత్తుల సత్తువ, ఎత్తైన ప్రాంతంలో పుట్టుక, వీటి గురించి ఇప్పటికే బోలెడు రాశారు. అవన్నీ నిజమే గానీ, అలాంటి గుండె, అలాంటి ఊపిరితిత్తులు ఉన్న కుర్రాళ్ళు కెన్యాలో రిఫ్ట్ వ్యాలీ పొడవునా ఉన్నారు. కిప్‌చోగే పరుగులో నేను మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూసుకునేది వేరే. అతని ఒంట్లో ఏ ఏ పనులు జరగడం లేదో, అవి.

తలతో మొదలుపెడదాం. నెత్తిన నీళ్ళబిందె పెట్టుకుని గట్టు మీద నడిచే ఆడమనిషి తల ఎలా ఉంటుందో అతని తల అలా ఉంటుంది. కింద కాళ్ళు ఎంత పని చేస్తున్నా పైన తొణకదు. చూపు నేల మీద ఉండదు, ఆకాశంలోనూ ఉండదు, ముందున్న రోడ్డు మీద ఉంటుంది. దవడ వదులుగా ఉంటుంది, పెదాలు కొంచెం విడి ఉంటాయి. భుజాలు కిందికి జారి ఉంటాయి. చేతుల్ని దగ్గరగా చూపించినప్పుడు గమనించండి: పిడికిలి బిగించడు, వేళ్ళు చాపడు. బొటనవేలు చూపుడువేలి మీద ఆనీ ఆనకుండా ఉంటుంది. మోచేతులు దగ్గరగా మడిచి, పక్కటెముకలకు సమీపంలోనే ముందుకూ వెనక్కూ ఆడతాయి. ఛాతీకి అడ్డంగా దాటి పోవు.

ఈ చేతుల పని చిన్నదేమీ కాదు. అమెరికాలో క్రిస్టఫర్ అరెల్లానో, రోజర్ క్రామ్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. పరుగు తీసేవాళ్ళను మొదట మామూలుగా చేతులు ఆడిస్తూ పరిగెత్తమన్నారు. తర్వాత చేతులు నడుము వెనక కట్టుకుని, ఆ తర్వాత ఛాతీ మీద కట్టుకుని, చివరికి నెత్తి మీద పెట్టుకుని. వెనక కట్టుకున్నప్పుడు ఒంటికి అయ్యే శక్తి ఖర్చు 3 శాతం పెరిగింది. ఛాతీ మీద కట్టుకుంటే 9 శాతం, నెత్తిన పెట్టుకుంటే 13 శాతం. ఒక కాలు ముందుకు పోయినప్పుడల్లా మొండెం అటువైపు తిరగబోతుంది. దాన్ని ఎదురుచేతి ఊపు సరిచేస్తుంది. చేతుల్ని కట్టేస్తే ఆ తిరుగుడును ఆపే భారం నడుము మీదా భుజాల మీదా పడుతుంది. చేతులు ఆడించడానికి శ్రమ అవుతుంది నిజమే, ఆడించకపోతే అంతకంటే ఎక్కువవుతుంది. కిప్‌చోగే చేతులు ఆ పనికి ఎంత కావాలో అంతే ఆడతాయి.

నడుము దగ్గరికి వద్దాం. అలసిన రన్నర్లు సాధారణంగా ఇక్కడే విరిగిపోతారు. తుంటి కిందికి దిగుతుంది, పిరుదులు వెనక్కి పోతాయి, కుర్చీలో కూర్చుని పరిగెత్తుతున్నట్టు కనిపిస్తారు. ఏదో ఒక ఆదివారం హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద ఎండ ఎక్కేదాకా నిలబడితే ఈ భంగిమ వరసగా ఎంతమందిలోనైనా కనిపిస్తుంది. కిప్‌చోగే తుంటి ఎత్తులోనే ఉంటుంది. ఒళ్ళు కొద్దిగా ముందుకు వాలి ఉంటుంది, అయితే ఆ వాలు నడుము దగ్గర వంగి వచ్చినది కాదు, చీలమండ దగ్గర నుంచి నెత్తి దాకా మొత్తం ఒకటిగా వాలినది.

ఇక పాదం. సెకనును ముక్కలు చేసి చూపించే స్లో మోషన్‌లో తప్ప ఇది సరిగ్గా కనపడదు. ముందుకు వచ్చిన కాలు ఎక్కడో దూరాన పడబోతున్నట్టు ఉంటుంది. నేలను తాకేలోపే అది వెనక్కి రావడం మొదలుపెడుతుంది. చివరికి పాదం మధ్యభాగం, ముందుభాగం కలిపి, దాదాపు ఒంటి కిందే, మోకాలు కొద్దిగా మడిచి దిగుతుంది. ఒంటికి బాగా ముందు, మోకాలు నిటారుగా పెట్టి మడమ దింపేవాళ్ళకు ప్రతి అడుగూ చిన్న బ్రేకే. ఆ బ్రేకు వల్ల పోయిన వేగాన్ని మళ్ళీ తొడలతో తెచ్చుకోవాలి. కిప్‌చోగే పాదం నేల మీద ఉండేది సెకనులో ఐదోవంతు కన్నా తక్కువ. నేల వదిలాక మడమ పిరుదుల దాకా మడుచుకుని పైకి వస్తుంది. చూడ్డానికి ఇది అదనపు పనిలా కనిపిస్తుంది గానీ, మడిచిన కాలును ముందుకు తేవడం చాపిన కాలును తేవడం కంటే తేలిక.

మడమ పైన, పిక్క కింద ఉండే అకిలీస్ స్నాయువు ఇక్కడ పెద్ద పని చేస్తుంది. పాదం దిగినప్పుడు అది సాగుతుంది, అరికాలి వంపు కొంచెం చదునవుతుంది. పాదం లేచేటప్పుడు రెండూ తిరిగి ముడుచుకుంటూ, దాచుకున్న శక్తిని వెనక్కి ఇచ్చేస్తాయి. ఒక అడుగులో ఇలా వచ్చిపోయే శక్తిలో మూడోవంతు పైచిలుకు అకిలీస్ ద్వారానూ, ఆరోవంతు అరికాలి వంపు ద్వారానూ నడుస్తుందని 1987లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. కండరం బిగిసి చేసే పనికి ఆక్సిజన్ కావాలి, స్నాయువు సాగి ముడుచుకోవడానికి దాదాపు అక్కర్లేదు. కాబట్టి ఎంత పని కండరం నుంచి స్నాయువుకు బదిలీ అయితే అంత మిగులు. సన్నటి పిక్క, గట్టి స్నాయువు, నేల మీద తక్కువ సేపు ఆగే పాదం, ఇవి ఒకదానికొకటి పనికొచ్చే సరంజామా. కాలి చివర బరువు ఎంత తక్కువైతే అంత మంచిదనేది కూడా కొలిచి తెలుసుకున్న సంగతే: ఒక్కో బూటుకు 100 గ్రాములు పెరిగితే ఖర్చు సుమారు 1 శాతం పెరుగుతుంది.

అంగల లెక్క ఇంకా బాగుంటుంది. నిమిషానికి 185 అడుగులు వేస్తున్నాడనుకుందాం. బెర్లిన్ వేగానికి ఒక్కో అంగ 1.88 మీటర్లు రావాలి. మనిషి ఎత్తు ఐదున్నర అడుగులు, అంటే 1.67 మీటర్లు. తన ఎత్తు కంటే ఒక జానెడు ఎక్కువ దూరాన్ని ఒక్క అంగలో దాటుతూ, అలా 22 వేల పైచిలుకు అంగలు వేశాడన్నమాట. ఇందులో ప్రతి అంగకూ ఒళ్ళు అవసరానికి మించి ఒక సెంటీమీటరు పైకి లేచిందనుకోండి. మొత్తం 220 మీటర్లు ఊరికే ఎక్కినట్టు, మూడు కుతుబ్ మినార్లు. అలాగని బొత్తిగా ఎగరకుండా పాకుతూ పోయినా కుదరదు, గాల్లో గడిపే ఆ కాస్త సమయంలోనే అంగ సాగుతుంది. ఎక్కువకూ తక్కువకూ మధ్య ఎక్కడ ఆగాలో అతని కాళ్ళకు తెలుసు.

ఇదంతా చదివి అతని పరుగే అందరికీ నమూనా అనుకుంటే పొరపాటు. అందం వేరు, పొదుపు వేరు. చెకోస్లొవేకియాకు చెందిన ఎమిల్ జాటోపెక్ పరుగు చూస్తే ఇప్పుడే పడిపోతాడేమో అనిపిస్తుంది. తల పక్కకు వాలిపోయి, నాలుక బయటికి వచ్చి, మొహం నొప్పితో మెలితిరిగి ఉంటుంది. ఆ మొహంతోనే 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు గెలిచి, అంతకుముందు ఎన్నడూ పరిగెత్తని మారథాన్‌నూ గెలిచాడు. పరిగెత్తుతూ నవ్వేంత ప్రతిభ తనకు లేదని చమత్కరించేవాడట. మొహం సంగతి పక్కన పెట్టి ఆ పాత ఫిల్ముల్లో అతని నడుము కింద భాగాన్నే చూడండి: కాళ్ళు చాలా పద్ధతిగా ఉంటాయి. ఇథియోపియా వీరుడు హైలే గెబ్రసెలాసీ ఎడమచెయ్యి కుడిచేతి కంటే వంకరగా మడిచి ఉండేది. చిన్నప్పుడు పుస్తకాలు చంకలో పెట్టుకుని పది కిలోమీటర్ల దూరంలోని బడికి పరిగెత్తిన అలవాటు అది. దాన్ని ఎవరూ సరిదిద్దలేదు. 2008లో అదే చేతితో బెర్లిన్‌లో 2:03:59 పరిగెత్తాడు.

ఇంగ్లండ్ అమ్మాయి పౌలా రాడ్‌క్లిఫ్ కథ నాకు అన్నిటికంటే ఇష్టం. ఆమె పరిగెత్తుతుంటే తల ప్రతి అడుగుకూ ఊగేది. వ్యాఖ్యాతలు దాని మీద జోకులు వేసేవాళ్ళు. 2003లో లండన్ మారథాన్‌ను ఆమె 2:15:25లో ముగించింది. ఆ రికార్డు 16 ఏళ్ళు నిలిచింది. శరీరధర్మ శాస్త్రవేత్త ఆండ్రూ జోన్స్ ఆమెను 1992 నుంచి ఏడాదికేడాది ప్రయోగశాలలో ట్రెడ్‌మిల్ మీద కొలుస్తూ వచ్చాడు. ఒళ్ళు గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదనే కొలత పదకొండేళ్ళలో పెద్దగా మారలేదు. మారింది ఖర్చు. ఒక కిలోమీటరుకు ఆమె ఒళ్ళు అడిగే ఆక్సిజన్ 2003 నాటికి దాదాపు 15 శాతం తగ్గింది. ఇంజిన్ అదే, మైలేజీ పెరిగింది. తల మాత్రం అప్పుడూ ఊగుతూనే ఉంది. కంటికి కనపడే లోపం ఒకటి పట్టుకుని పరుగుకు మార్కులు వేసేవాళ్ళు ఆ 15 శాతాన్ని ఎక్కడ చూడగలరు? కొంత కండరం లోపల జరిగింది, కొంత స్నాయువులో, కొంత ఏ కండరం ఎప్పుడు బిగియాలి, ఎప్పుడు వదలాలి అన్న కాలజ్ఞానంలో.

మడమ మీద దిగాలా, మునివేళ్ళ మీద దిగాలా అన్న తగాదా కూడా అలాంటిదే. 2017 లండన్ ప్రపంచ చాంపియన్‌షిప్స్ మారథాన్‌ను వీడియో తీసి పరిశీలిస్తే, అక్కడ పరిగెత్తినవాళ్ళలో సగానికి పైగా మడమ మీదే దిగారు. ప్రపంచంలో మేటి రన్నర్లు వాళ్ళు. నిమిషానికి 180 అడుగులు వెయ్యాలనే సూత్రానిదీ ఇదే కథ. అమెరికన్ కోచ్ జాక్ డేనియల్స్ 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కూర్చుని అడుగులు లెక్కపెట్టాడు, దూరపు పరుగుల వాళ్ళు దాదాపు అందరూ 180కి పైనే వేస్తున్నారని గమనించాడు. అది పందెం వేగంలో చూసిన సంగతి. దాన్ని పట్టుకొచ్చి, కిలోమీటరుకు ఏడు నిమిషాలు తీసుకునేవాళ్ళ చెవుల్లో మెట్రోనోమ్ పెట్టి టకటకా కొట్టిస్తే ఏం లాభం? ఒంటికి ముందు మరీ దూరంగా పాదం వేసేవాళ్ళు అంగను కాస్త కుదిస్తే మోకాళ్ళకు మేలే. అంతకుమించి చేస్తే ఎదురు తిరుగుతుంది. అలవాటు పడిన రన్నర్లు తమకు తామే ఎంచుకున్న అంగ, ఆక్సిజన్ తక్కువ తినే అంగకు చాలా దగ్గరగా ఉంటుందని 1980ల నుంచీ ప్రయోగాల్లో తేలుతూనే ఉంది. పెంచమన్నా ఖర్చు పెరుగుతుంది, తగ్గించమన్నా పెరుగుతుంది.

మరి కిప్‌చోగేకు ఇది ఎలా వచ్చింది? నండి ప్రాంతంలో కాప్సిసియ్‌వా అనే పల్లె అతనిది. అక్కడి పొరుగువాడే ప్యాట్రిక్ సాంగ్, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో 3,000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో వెండి పతకం గెలిచినవాడు. కుర్రాడు శిక్షణ కోసం ఆయన దగ్గరికి వెళ్ళాడు, దశాబ్దాలు గడిచినా కోచ్‌ను మార్చలేదు. 2003లో పారిస్ ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో, 18 ఏళ్ళ వయసులో, 5,000 మీటర్లలో హిషామ్ ఎల్ గెరూజ్‌నూ కెనెనిసా బెకెలేనూ ఓడించాడు. ఆ తర్వాత దాదాపు పదేళ్ళు ట్రాక్ మీదే. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో కంచు, 2008 బీజింగ్‌లో వెండి. 2012 లండన్ ఒలింపిక్స్ జట్టులో చోటు దొరకలేదు. 2013లో హాంబర్గ్‌లో మొదటి మారథాన్ పరిగెత్తి గెలిచాడు. అతని మారథాన్ అంగలో ఆ ట్రాక్ ఏళ్ళు కనిపిస్తాయి. కిలోమీటరు 2:30 వేగాన్ని ఏళ్ళ తరబడి ఒంటికి నేర్పినవాడికి 2:52 ఊపిరాడే వేగం అవుతుంది.

మిగతాది కప్టగాట్. సముద్రమట్టానికి 2,400 మీటర్ల ఎత్తున, ఎర్రమట్టి రోడ్ల మధ్య ఉండే ఆ శిక్షణ శిబిరంలో వారానికి 200 కిలోమీటర్ల పైన పరుగు. అందరితో పాటు వంతులు వేసుకుని పాయఖానాలు కడగడం, తోటపని చేయడం. కోట్లు సంపాదించాక కూడా అతను ఆ వంతులు మానలేదు. తేలిక రోజుల్లో వాళ్ళ పరుగు ఎంత నెమ్మదిగా మొదలవుతుందంటే మన దగ్గర పార్కులో జాగింగ్ చేసేవాళ్ళు కూడా కలిసి పోవచ్చు. గతుకుల మట్టిదారి ఏ రెండు అడుగుల్నీ ఒకేలా వెయ్యనివ్వదు, చీలమండ రోజూ కొత్తగా సర్దుకోవాలి. ‘భుజాలు దించు, మోకాలు ఎత్తు’ అని ఎవరో పక్కన నిలబడి అరిస్తే వచ్చిన పద్ధతి కాదిది. పనికిరాని కదలికకు రోజూ ఏదో ఒక మూల్యం చెల్లించి చెల్లించి, చివరికి ఒళ్ళే దాన్ని మానేసింది.

బూట్ల మాట ఎత్తకుండా ఊరుకుంటే అన్యాయం. 2017 తర్వాత వచ్చిన మందపాటి నురుగు, కార్బన్ పలక ఉన్న బూట్లు మొదటి ప్రయోగాల్లోనే పాత బూట్లతో పోలిస్తే సగటున 4 శాతం ఖర్చు తగ్గించాయి. అరికాలి వంపు, అకిలీస్ చేసే పనినే అవి కొంత అదనంగా చేసిపెడతాయి. 2020లో ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం రోడ్డు పందేల బూట్ల అడుగుభాగం 40 మిల్లీమీటర్లు దాటకూడదని గీత గీయాల్సి వచ్చింది. పాత రికార్డులతో కొత్త రికార్డులను పోల్చేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోవాలి. అయితే అవే బూట్లు వేసుకున్నవాళ్ళు పక్కనే ఇంకా డజను మంది ఉంటారు, వాళ్ళు 35వ కిలోమీటరు దగ్గర ఎందుకు కనపడరన్న ప్రశ్న మిగులుతుంది. 2015లో బెర్లిన్‌లో అతని బూట్లు సాయం చేయకపోగా అడ్డం తిరిగాయి. పందెం మొదట్లోనే లోపలి అట్టలు మడమల వెనక నుంచి బయటికి తన్నుకొచ్చి, రెండు బూట్లకూ రెండు చెవుల్లా రెపరెపలాడుతూ చివరిదాకా వేలాడాయి. పాదం బొబ్బలెక్కి నెత్తురు కారింది. ఆగి సర్దుకోలేదు. నడుము పైన చూస్తే కాళ్ళ దగ్గర ఏదో జరుగుతోందని అనుమానం కూడా రాదు. 2:04:00లో గెలిచాడు.

2019 అక్టోబరు 12న వియన్నాలో రెండు గంటల గోడ దాటిన పరుగు, 1:59:40, అందరికీ గుర్తుండిపోయింది. నాకు అది అంత నచ్చదు. విరామాల మీద మారుతూ వచ్చిన 41 మంది పేసర్లు గాలిని చీల్చుతూ అతని చుట్టూ కోటలా పరిగెత్తారు, ముందు కారు రోడ్డు మీద లేజర్ గీతలు వేసింది. పోటీ లేదు, అందుకే రికార్డుల్లోకీ ఎక్కలేదు. ఆ రోజు చివరి వందల మీటర్లలో పేసర్లను వెనక వదిలి ఒంటరిగా దూసుకొచ్చిన ముక్క మాత్రం ఎన్నిసార్లు చూసినా తనివితీరదు.

పనితనం చూడాలంటే 2018 బెర్లిన్ చూడాలి. పేసర్లు 25 కిలోమీటర్లకే చేతులెత్తేశారు, ఆ తర్వాత 17 కిలోమీటర్లు ఒంటరి ప్రయాణం. మొదటి సగం 61:06, రెండో సగం 60:33. మొత్తం 2:01:39, పాత రికార్డు మీద 78 సెకన్లు తగ్గించాడు. ఆ వీడియోలో సీసాల టేబుళ్ళ దగ్గర ఆగి చూడండి. స్వచ్ఛంద కార్యకర్త ఒకాయన ప్రతిచోటా సీసాను ఎత్తి పట్టుకుని ఎదురుచూస్తుంటాడు, అందగానే పిడికిలి ఊపి గంతులేస్తాడు. ఆయన గంతులు చూసి లోకమంతా మురిసిపోయింది. చూడాల్సింది రెండో మనిషిని. కిప్‌చోగే అందుకోవడానికి పక్కకు వంగడు, చెయ్యి ముందుగా చాచడు. చెయ్యి ముందుకు ఊగే వరసలోనే సీసా అరచేతిలోకి వచ్చేస్తుంది, అడుగుల తాళం ఒక్కటి తప్పదు. ఒక్క గుక్క, ఇంకో గుక్క, సీసా పక్కకు. భుజాలు రెండూ అంతకుముందు ఎంత ఎత్తులో ఉన్నాయో అంతే ఎత్తులో ఉంటాయి.

ఆ నవ్వు కూడా పనిలో భాగమే. పందెం చివర్లో, నొప్పి ఎక్కువైనప్పుడు, పళ్ళు కనపడేలా నవ్వుతాడు. నొప్పి మీద నుంచి ధ్యాస మళ్ళించుకోవడానికే నవ్వుతానని తనే చెప్పాడు. నవ్వుతూ పరిగెత్తితే మొహం చిట్లించినప్పటి కంటే ఆక్సిజన్ కాస్త తక్కువ పడుతుందని 2018లో ఉత్తర ఐర్లండ్ పరిశోధకులు కొలిచి చూపించారు. తేడా చిన్నదే. మొహం బిగిస్తే మెడ, మెడ బిగిస్తే భుజాలు, భుజాలు బిగిస్తే చేతుల ఊపు, ఇలా ఆ బిగువు కిందికి దిగుతుంది.

ఇన్నీ చెప్పాక మళ్ళీ 2022 బెర్లిన్‌కే వస్తాను, ఎందుకంటే అక్కడ అతను అలసిపోయాడు. మొదటి సగం 59 నిమిషాల 51 సెకన్లు, రెండు గంటల లోపు పూర్తి చేస్తాడేమోనని చూసేవాళ్ళు లేచి నిలబడ్డారు. రెండో సగం 61:18. అంటే 87 సెకన్లు జారిపోయాయి. ఆ సెకన్లు ఎక్కడ జారాయో వీడియోలో వెతకబోతే దొరకవు. 10వ కిలోమీటరు దగ్గర ఒకసారి ఆపి, 40వ కిలోమీటరు దగ్గర ఒకసారి ఆపి, పక్కపక్కన పెట్టి చూస్తే మోచేతుల మడత అదే, తుంటి ఎత్తు అదే, తల అదే. అప్పుడు కాగితం మీద లెక్క వేసుకోవాలి. అడుగుల తాళం మారలేదనుకుంటే అంగ తగ్గి ఉండాలి, అది ఒక్కో అంగకు నాలుగైదు సెంటీమీటర్లు. దాదాపు రెండు మీటర్ల అంగలో, సెకనుకు మూడు అడుగులు పడుతున్నచోట, మూడువేళ్ళ మందం తేడా. ఆ తేడా గడియారానికే తెలిసింది.